కింది ఇంటి కోసం తగువు

ఈ బ్లాకులోకి వచ్చాక నన్నెవరూ తిట్టలేదు. గొప్పగా చెప్పడం లేదు, దిగులుతో చెబుతున్నాను. ఎదురింటావిడ "బాగున్నారా అండీ" అంటుంది, నేను "బాగున్నామండి" అంటాను, ఇద్దరం తలుపులు వేసుకుంటాం. పై ఇంటి కొత్త దంపతులు మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగుతారు, కింద నాకు చప్పుడవుతుందని. అంత మర్యాదస్తులు. ఏం చేసుకోను ఆ మర్యాదని, అన్నంలో నంజుకోనా?

నన్ను తిట్టే మనిషి ఒకావిడ ఉండేది. కాలువ గట్టు మీద మా పాకలు వరసగా ఉన్న రోజుల్లో మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఒక్క తాటాకు దడే అడ్డం. ఇటు నేను దగ్గితే అటునుంచి మిరియాల కషాయం పెట్టుకోమని అరిచేది. కొత్తకోడలిగా ఆ గట్టు ఎక్కిన రోజు నుంచీ ఆవిడ నాకు వదిన. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు పక్కింటావిడ నాలుగేళ్ళు పెద్దదైతే వదినే. మా ఆయన పొద్దున్నే మండపేట రైసు మిల్లుకి సైకిలెక్కి పోతే నేను మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకునేదాన్ని. వదినకి మొగుడు పోయాడు, ఉన్న ఒక్క కూతుర్నీ మొగల్తూరు ఇచ్చింది. కాలువ వంతెన దగ్గర బండి పెట్టుకుని అరటికాయ బజ్జీలు, పునుగులు వేసి అమ్మేది. చేతికి ఎంత రుచో, నోటికి అంత కారం.

కుళాయి ఒక్కటే, ఇళ్ళు బోలెడు. ఇక చెప్పేదేముంది? వదినకి కోపం వచ్చిందని ఎలా తెలిసేదంటే, "నువ్వు" పోయి "మీరు" వచ్చేది. "ఏమే, నీళ్ళు పట్టావా" అందంటే అంతా చల్లగా ఉన్నట్టు. "ఏమండీ, తమరి బిందె కాస్త పక్కకి జరుపుతారా" అందంటే చాలు, వరసలో అందరూ పనులాపి గుమ్మాల్లోకి వచ్చేవారు. నేనేమన్నా తక్కువ తిన్నానా? చీర కొంగు నడుముకి బిగించి నేనూ "మీరు" మొదలెట్టేదాన్ని. మా ఇద్దరి మర్యాద పెరిగేకొద్దీ వీధి హడలిపోయేది.

ఆ తగువులకి ఒక పద్ధతుండేది. కుళాయి దగ్గర మొదలైంది పొయ్యి వెలిగించే వేళకి ఆగాలి. పోయినవాళ్ళని ఎత్తకూడదు. కడుపున పుట్టినవాళ్ళ జోలికి పోకూడదు. శుక్రవారం దీపం పెట్టాక నోరు తెరవకూడదు. పోలీసులనీ పెద్దమనుషులనీ అన్నావంటే అది తగువు కాదు, పగ. ఇవి ఎవరు పెట్టిన రూల్సో నాకు తెలీదు, మా అత్త నేర్పింది, మా అత్తకి వాళ్ళ అత్త నేర్పి ఉంటుంది.

మర్నాడు తప్పెవరిదన్న మాట ఉండదు. ఎవరికి ముందు మనసు మెత్తబడితే వాళ్ళు అవతలి గుమ్మంలో నిలబడి "వదినా, కరివేపాకు రెమ్మ ఉందా" అని అడగాలి. మా ఇద్దరి గుమ్మాల ముందూ కరివేపాకు ఉంది. నాది మోకాలెత్తు మొక్క, వదినది ఇంటెత్తు చెట్టు. అంత చెట్టు పెట్టుకుని వచ్చి నా పిల్ల మొక్కలోంచి రెమ్మ అడిగేది. నేను తుంపి ఇచ్చేదాన్ని. అక్కడితో సరి. మళ్ళీ "ఏమే", మళ్ళీ బజ్జీల పొట్లం, మళ్ళీ నా మిషను పక్కన పీట వేసుకుని ఊళ్ళోవాళ్ళందరి మీదా కబుర్లు.

తర్వాత గట్టు ఖాళీ చేయించి, పొలాలు పూడ్చి కట్టిన ప్రభుత్వం అపార్టుమెంట్లలో తలా ఒక ఇల్లు ఇచ్చారు. అబద్ధమాడితే కళ్ళు పోతాయి, తాళం చెవి చేతిలో పెట్టినప్పుడు నేను ఏడ్చాను. స్లాబు ఇల్లు. వంటింట్లోనే కుళాయి. వానకి కారదు, కాలువ పొంగితే మంచాల కింద ఇటుకలు పెట్టక్కర్లేదు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఇళ్ళు లాటరీలో తీశారు. న్యాయమే, కాదనను. కాకపోతే ఒక వరసలో బతికినవాళ్ళం విసిరిన గవ్వల్లాగా తలో వైపు పడ్డాం. నాకు మొదటి బ్లాకులో కింద ఇల్లు వచ్చింది. వదినకి ఆ చివర బ్లాకులో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.

నా మోకాలెత్తు మొక్కని పెయింటు డబ్బాలో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఇంటెత్తు చెట్టుని ఎవరు తేగలరు? వదిన దాని మొదలు మీద ఒక చెంబు నీళ్ళు పోసి వచ్చేసింది.

పొయ్యి ముందు ఏళ్ళ తరబడి నిలబడి వదిన మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. మొదట్లో రోజూ నా దగ్గరికి వచ్చేది, రెయిలింగు పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగి, ఈ మేడలు కట్టినవాళ్ళని వరసపెట్టి తిడుతూ. తర్వాత ఎప్పుడన్నా ఒకసారి. తర్వాత బజ్జీల బండి అమ్మేసింది. పైనుంచి తాడుకి బుట్ట కట్టి దించితే కూరలవాడు వేసేవాడు. నేను పైకి వెళ్తే మాత్రం ఏం లాభం, ఎక్కేసరికి నాకు ఆయాసం, ఆవిడకి నొప్పి, ఇద్దరం రోగిష్టి వాళ్ళలాగా మంచి మాటలు మాట్లాడుకునేవాళ్ళం. ఒక రోజు చెత్త పారేయడానికి దిగుతూ వదిన మెట్ల మలుపులో పడింది. తల గోడకి తగిలింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి గడపలో కూర్చుని నుదుటికి పసుపు అద్దుకుంటోంది.

"ఇంకోసారి పడ్డానంటే నేను దిగడం ఉండదే, నలుగురు దింపుతారు" అంది.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం నిర్ణయించుకున్నాం, ఎలాగైనా కింది ఇల్లు సంపాదించాలి. నా పక్క ఇల్లు ఖాళీగానే ఉంది. లాటరీలో వచ్చినావిడ అక్కర్లేదని వాపసు ఇచ్చేసింది, తాళం ఆఫీసులోనే ఉంది. ఆ ఇంట్లోకి వదిన వస్తే గోడకి గోడ, గుమ్మానికి గుమ్మం. మెట్లు ఎక్కే పనుండదు. నాకు మళ్ళీ తెల్లారుతుంది.

మధ్య బ్లాకులో ఒక గదిలో ఆఫీసు పెట్టారు. అక్కడ తగువులు చూసే మేడం కూర్చుంటుంది. పాతికేళ్ళ పిల్ల, సన్నగా, చీపురుపుల్లలాగా ఉంటుంది గానీ మంచిది. పైవాళ్ళు బట్టలుతికిన నీళ్ళు కిందవాళ్ళ మంచం మీద పడ్డాయనీ, ఎవరో ఎండు చేపలు వేపితే మెట్లన్నీ వాసననీ, ఫోనులో పాటలనీ, మెట్ల కింద బండ్లనీ పొద్దస్తమానం ఆ పిల్ల చెవిలో జోరీగలే. నేను పేరెత్తకుండా వదిన సంగతి చెప్పాను.

"లాటరీలో వచ్చిన ఇల్లు మార్చడం కుదరదమ్మా. వికలాంగుల సర్టిఫికెట్ ఉంటే చూస్తాం" అంది.

"మోకాళ్ళ నొప్పికి సర్టిఫికెట్ ఎవరిస్తారమ్మా?"

"మరింకొక్క సందర్భంలోనే మారుస్తాం. పక్కింటివాళ్ళతో తగువొచ్చి, మేం రెండు వైపులా విని, రాజీ కుదర్చలేకపోతే అప్పుడు ఒకర్ని వేరే చోటికి పంపుతాం."

నేను చెప్పింది విని వదిన మొహం పునుగులా పొంగింది. "తగువాడితే ఇల్లిస్తారా? ఓసినీ! ఈ ముక్క మొన్ననే చెబితే ఈ పాటికి బంగళా కొట్టేసేదాన్ని కదే!"

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వదిన పక్కింట్లో చెప్పుల షాపులో పనిచేసే అతను, అతని భార్య ఉంటారు. గిల్లినా ఏడవని మనుషులు. వదిన వాళ్ళతో తగువు పెట్టుకోవాలని చూసింది. పొద్దున్నే వాళ్ళ గుమ్మం ముందు చెత్త పోస్తే ఆ అమ్మాయి చీపురు తెచ్చి ఊడ్చి "మీకు వంగడం కష్టం కదా పిన్నిగారూ, రోజూ ఇక్కడే పెట్టేయండి, నేను పారేస్తాను" అందిట. వదిన నాకు ఫోను చేసి లబలబలాడింది. చివరికి దాపరికం లేకుండా అతన్ని పిలిచి అసలు సంగతి చెప్పి, "నా మీద ఫిర్యాదు చేయవయ్యా బాబూ" అని బతిమాలింది. అతను తల గోక్కుని, ఇష్టం లేకపోయినా సరేనన్నాడు. నేను సాక్షిని. కాలువ గట్టు మీద ఈవిడ ఎంత గయ్యాళో చెప్పడం నా వంతు.

మేడం వచ్చింది. పైన వదిన ఇంటి ముందు వరండాలో కుర్చీ వేశాం. మంచినీళ్ళు తాగి, ఫిర్యాదు చేసినాయన్ని అడిగింది, "ఈవిడ మిమ్మల్ని ఏం చేస్తున్నారండి?"

అతను వదిన వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చెమటలు తుడుచుకున్నాడు. "ఏం చేస్తారండి... మొన్న మా ఆవిడకి జొరమొస్తే చారు పెట్టి ఇచ్చారండి" అన్నాడు.

"చెప్పమన్నది చెప్పలేవూ!" అని వదిన పళ్ళు నూరింది.

మేడం నవ్వు దాచుకుని నా వైపు తిరిగింది. "మీరు పాత పక్కింటివాళ్ళు కదా. మీరు చెప్పండమ్మా, ఈవిడ నిజంగా తగువులమనిషేనా?"

ఇక నన్నాపేదెవరు? కొంగు బిగించాను. కుళాయి దగ్గర బిందెల సంగతి చెప్పాను. మునగచెట్టు సంగతి చెప్పాను, గొంగళి పురుగులు మా పాక మీద, కాయలు వాళ్ళ చారులో. చెబుతుంటే నాకే హుషారొచ్చింది. ఆ గట్టు, ఆ ఎండ, కాలువ నీళ్ళ వాసన, అన్నీ నోట్లోకి వచ్చేస్తున్నాయి. వదిన కూడా తలాడిస్తూ వింటోంది. ఆ ఊపులో కోడి సంగతి ఎత్తాను. "ఈవిడ కోడి మా గాదె కింద గుడ్లు పెడితే, మా గుడ్లు మేం తింటే దొంగతనమని వీధంతా చాటింపు వేసిందండి" అన్నాను.

వదిన తలాడించడం ఆపేసింది. "ఏమండీ" అంది.

ఆ "ఏమండీ" వినగానే నా ఒళ్ళు జల్లుమంది. ఎన్నాళ్ళయిందో ఆ మాట విని!

"ఏమండీ, కోడి ఎవరిదండీ? గుడ్లు ఎవరివండీ? అట్లేసుకుని తిని, పెంకులు మా దడి పక్కనే పారేసింది తమరు కాదూ?"

"పారేస్తే? మా ఇంట్లో పెట్టిన గుడ్డు మాది కాదా? మీ కోడికి మీ ఇల్లు నచ్చక మా ఇంటికొచ్చింది, మేమేం బొట్టు పెట్టి పిలిచామా?"

"గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది తమరి వాలకం!"

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ పెంపకం! తినడానికి గింజలు వేస్తే కోడి గడప దాటుతుందా?"

అంతే. నాటకం సంగతి, ఇంటి సంగతి, మేడం సంగతి ఇద్దరికీ గుర్తులేదు. అరిగిన మోకాళ్ళ మీద వదిన సర్రున లేచి నిలబడింది. కింద అంతస్తుల వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. ఎదుటి బ్లాకు బాల్కనీలన్నీ నిండిపోయాయి. చెప్పుల షాపు అతను భార్యని వెనక్కి లాక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. మేడం "అమ్మా, అమ్మా" అంటూనే ఉంది. మా అత్త నేర్పిన రూల్సు మాత్రం ఇద్దరిలో ఎవరం తప్పలేదు. పోయినవాళ్ళని ఎత్తలేదు, పిల్లల జోలికి పోలేదు. ఊపిరి అందక ఆగేసరికి వదిన కళ్ళు మెరిసిపోతున్నాయి. నా మొహం నాకు కనపడలేదు గానీ నాకూ పదేళ్ళు తగ్గినట్టే ఉంది.

మేడం చెవుల మీంచి చేతులు తీసింది. "ఇంత తగువు నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదమ్మా. రాజీ నా వల్ల కాదు. ఈ పక్కింటాయన ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడర్థమైంది. ఈవిడ్ని కిందికి మార్చేస్తాను" అంది.

వదిన చెయ్యి దొరికితే పట్టుకుందామని చూశాను.

"ఖాళీలున్నవి రెండే, రెండూ కిందే" అంది మేడం. "ఒకటి మీ పక్కది. అందులో మాత్రం చచ్చినా వేయను. మీరిద్దరూ పక్కపక్కనుంటే నేను అక్కడే కాపరం పెట్టాలి. రోడ్డు అవతల కొత్త బ్లాకులో ఇంకోటి ఉంది, అది ఇస్తాను. ఒకరి బ్లాకు దగ్గర ఒకరు గొంతెత్తారని నాకు ఫోనొచ్చిందో, ఇచ్చిన ఇల్లు వెనక్కి తీసుకుంటాం."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. మేడం తెలివైన పిల్ల, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. దాని మనసులో ఏదో మెదిలింది. "ఏమ్మా? మీరిద్దరూ నిజంగా పడనివాళ్ళేనా? లేకపోతే ఇంటి కోసం నాటకమా? నాటకమైతే చెప్పేయండి. ఎవరింట్లో వాళ్ళుంటారు, నేను వెళ్ళిపోతాను."

నన్నే అడిగింది. ఒక్క మాట చెబితే చాలు. అమ్మా, ఇది పగ కాదు, ఈవిడ గొంతు వినకపోతే నాకు రోజు రోజులా ఉండదు, కావాలంటే మా గట్టు మీద ఎవర్నైనా అడుగు అని చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పానంటే వదిన ఈ మూడో అంతస్తులోనే ఉండిపోతుంది. వదిన నన్ను చూడటం లేదు. మెట్ల వైపు చూస్తోంది. నుదుటి మీద దెబ్బ మచ్చ ఇంకా నల్లగానే ఉంది.

"నాటకమా? నాకేం పనమ్మా!" అన్నాను. "ఈవిడ మొహం చూసే ఖర్మ నాకు లేకుండా చెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది."

వదిన అప్పుడు తిరిగింది. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత మేడం వైపు తిరిగి, "ఆవిడ గాలి నా గుమ్మానికి సోకకూడదండి" అంది. గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందని మేడం అనుకుంది.

తాళం చేతికొచ్చిన రోజు చెప్పుల షాపు అతనూ ఇంకో ముగ్గురూ కలిసి వదినని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపారు. నేను మా గుమ్మంలోంచే చూశాను. ఇంత తగువు పడ్డవాళ్ళం, దగ్గరికి ఎలా వెళ్తాను? రోడ్డు దాటే దాకా వదిన వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న పోపు వేస్తుంటే ఫోను మోగింది.

"వదినా, కరివేపాకు రెమ్మ ఉందా?"

ఎప్పుడూ నన్ను ఏమే అనే మనిషి, కరివేపాకు అడిగేటప్పుడు మాత్రం వదినా అనేది. అప్పట్లో ఇంటి ముందు చెట్టుంచుకుని అడిగేది. ఇప్పుడు నిజంగానే లేక అడిగింది. పొయ్యి ఆపేసి, పెయింటు డబ్బాలో మొక్కకి ఉన్న లేత రెమ్మలన్నీ తుంపుకుని కొంగులో పోసుకుని రోడ్డు దాటాను.

వదిన గుమ్మంలో కూర్చుని కాళ్ళు ఎండలోకి చాపుకుని ఉంది. మెట్టు లేదు, మలుపు లేదు, చదును నేల. బాగుంది ఇల్లు. నన్ను చూడగానే వేలు పెదాల మీద పెట్టుకుని పక్క తలుపు వైపు సైగ చేసింది. పక్కింట్లో పరీక్షలకి చదివే పిల్లలున్నారట, గొంతు పెరిగితే వెంటనే ఆఫీసుకి ఫోను చేస్తారట. నేను పక్కన కూలబడ్డాను. ఇద్దరం గుసగుసలాడుకున్నాం, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నట్టు. నొప్పి తగ్గిందా, తగ్గింది. నీళ్ళొస్తున్నాయా, వస్తున్నాయి. కూతురు ఫోను చేసిందా, చేసింది. చెప్పుకోవడానికి అంతకన్నా ఏమీ దొరకలేదు. గట్టిగా మాట్లాడుకోకుండా మేమిద్దరం ఏం మాట్లాడుకోగలం? ఇంతకాలం నాకు ఆ సంగతే తెలీదు.

ఇప్పటికీ అంతే. నా పక్క ఇంట్లోకి ఎవరో వచ్చారు, పెద్దమనుషులు, పలకరిస్తే నవ్వుతారు. నేను కరివేపాకు పట్టుకుని రోడ్డు దాటుతూనే ఉంటాను, ఎండలో కూర్చుంటాం, గుసగుసలాడుకుంటాం. మొన్న ఉండబట్టలేక అడిగేశాను.

"వదినా, ఒక్కసారి తిట్టవే. చెవులు చిల్లులు పడేలా తిట్టవే."

వదిన అటూ ఇటూ చూసింది. పక్క తలుపు తీసి ఉంది, లోపల పిల్లలు చదువుకుంటున్నారు. నా భుజం మీద చెయ్యేసి చెవి దగ్గరికి వంగింది.

"మీకు మహా పొగరండీ" అంది, మెల్లగా.